ఎల్విస్ పతనానికి ఎల్విస్ ఒక్కడే కారణమా?

అయ్యా,

అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వర్ధంతికి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివి, పోనీలే అనుకున్నాను. వారం గడిచినా కోపం తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం. ఛాతీ మీద గద్ద బొమ్మ ఉన్న తెల్ల డ్రెస్సు ఫొటో వేసి, కింద ‘1956లో ఎల్విస్’ అని రాశారు. ఆ డ్రెస్సు 1973 జనవరిలో హవాయి కచేరీ కోసం కుట్టించింది. 21 ఏళ్ల కుర్రాడికీ 38 ఏళ్ల మనిషికీ తేడా తెలియనివాళ్లా మీ దగ్గర పేజీలు చూసేది?

పైగా ‘రాక్ అండ్ రోల్‌ను పుట్టించిన మొనగాడు’ట! 1954లో మెంఫిస్‌లోని సన్ స్టూడియో నుంచి వచ్చిన అతని మొదటి రికార్డులోని పాటే ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి గాయకుడిది. ఆయన తనకు న్యాయంగా రావలసిన రాయల్టీ చేతికందకుండానే 1974లో పోయాడు. ఆ సంగీతానికి పునాది వేసిన నల్లజాతి గాయకులు చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్‌ల పేర్లు మీ వ్యాసంలో మచ్చుకైనా లేవు. ఎల్విస్ గొంతు గొప్పదే, నేనూ అభిమానినే. అంతమాత్రాన మిగతావాళ్లను చెరిపేస్తామా?

అసలు ఒళ్లు మండింది పతనం గురించి రాసింది చూసి. తిండి, మాత్రలు, లావు, 42 ఏళ్లకే బాత్రూంలో చావు. అంతే, అయిపోయింది. మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ గురించి ఒక్క ముక్క లేదు. బ్యాంకులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు ముందు కనబడేది అదే. మేనేజర్లు మామూలుగా తీసుకునేది 15, 20 శాతం. ఈయనగారు తీసుకున్నది సగానికి సగం. 1960లో సైన్యం నుంచి తిరిగొచ్చిన కుర్రాణ్ణి కొన్నేళ్లపాటు ఒకే మూస సినిమాలకు కట్టేశాడు. 1968 టీవీ షోతో మళ్లీ లేచి నిలబడితే లాస్ వేగాస్ హోటల్‌కు అప్పజెప్పాడు. 1969లో అక్కడ నాలుగు వారాల్లో 57 షోలు! అదే హోటల్లో పార్కర్ జూదం ఆడి డబ్బు తగలేసేవాడు. 1973లో పాత పాటల హక్కులన్నీ 54 లక్షల డాలర్లకు రికార్డు కంపెనీకి అమ్మించి, అందులోనూ దాదాపు సగం జేబులో వేసుకున్నాడు. ఆ పాటల మీద తర్వాత వచ్చిన రాయల్టీలో ఎల్విస్ కూతురికి దక్కింది సున్నా. ఎల్విస్ పోయాక కోర్టు నియమించిన లాయరు ఈ లెక్కలన్నీ బయటపెట్టాడు. మనిషి బతికుండగా అడిగిన నాథుడు లేడు.

ఇక ఎల్విస్ సొంత డాక్టరు నికోపౌలోస్. 1977లో ఎల్విస్ పోయేలోగా, ఆ ఎనిమిది నెలల్లో ఈయన రాసిన మందులు 10 వేల డోసుల పైమాటే. నిద్రకు, మెలకువకు, నొప్పికి, అన్నిటికీ. మెడికల్ బోర్డు 1980లో వేసిన శిక్ష ఎంతో తెలుసా? మూడు నెలల సస్పెన్షన్. లైసెన్సు పూర్తిగా రద్దయ్యేసరికి 1995 వచ్చింది! ఇక చావుకు కారణం తేల్చాల్సిన కౌంటీ (అక్కడి జిల్లా) వైద్యాధికారి డాక్టర్ ఫ్రాన్సిస్కో అయితే గుండె లయ తప్పి పోయాడు, మందులకు సంబంధం లేదని తేల్చేశాడు. ఎవరి మీదా ఈగ వాలలేదు. నింద మాత్రం పోయినవాడికి మిగిలింది, మీరూ దాన్నే అచ్చేశారు.

అమెరికా సంగతి మనకెందుకు అంటారేమో. మా వీధి మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు ఇస్తారు, అడిగితే ‘తెలిసినవాళ్లే కదా సార్’ అంటారు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఏడాదికోసారి తనిఖీకొచ్చి కౌంటర్ ముందు నిలబడి ఫొటో దిగుతారు. దాన్ని జిల్లా పేజీలో మూడు కాలమ్‌లు వేస్తారు మీరు. ఆ తర్వాత కేసు పెట్టారా, షాపు మూయించారా అన్నది ఏనాడైనా రాశారా? మీ విలేకరిని ఒక్కసారి ఆ ఆఫీసుకు పంపి కనుక్కోమనండి.

- ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
రాజమహేంద్రవరం