ఇంజిన్ లేని పడవకి ఇంజిన్ నంబరు ఎక్కణ్నుంచి తెమ్మంటారు సార్?

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారాలతో,

నౌపడ ఉప్పుటేరులో జనాన్ని తిప్పి చూపించే మా కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) యాత్రని అనుమతి లేదని ఆపేశారు. ఆ అనుమతి కోసం నాలుగు అర్జీలిచ్చాం. రసీదులు నా జేబులోనే ఉన్నాయి, ఒకదాని మీద చెమటకి అక్షరాలు పోయాయి.

సోమవారం గ్రీవెన్స్‌లో నించుంటే ఒక ఆఫీసు వాళ్లు ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు. ఆ ఆఫీసు ఫారం మీరొక్కసారి చూడాలి. ఏడో గడి ఇంజిన్ నంబరు. ఎనిమిదోది హార్స్ పవర్. తొమ్మిదోది సరంగు, అంటే పడవ నడిపేవాడి లైసెన్సు. కయాక్‌కి ఇంజిన్ ఉండదు సార్. రెండు చేతులు, ఒక తెడ్డు, అంతే. ఉన్నమాటే 'లేదు' అని రాశాను. 'వివరాలు అసంపూర్ణం' అని తిరిగొచ్చింది. రెండోసారి గీత పెట్టాను. గీతకీ అదే జవాబు. మూడోసారి అక్కడి గుమస్తాగారే జాలిపడి, "పోనీ చిన్న ఇంజిన్ ఒకటి తగిలించీ బాబూ, ఫైలు కదుల్తాది" అన్నారు. తగిలిస్తే ఆ చప్పుడుకి తేలినీలాపురం పక్షుల కేంద్రం నుంచి మేతకొచ్చే గూడబాతు (పెలికాన్) ఒక్కటైనా నిలుస్తుందా? జనం వచ్చేదే వాటి కోసం!

కచ్చులూరు మాకూ గుర్తే. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి అంతమంది పోయాక రూల్స్ గట్టిపడ్డాయి, పడాలి కూడా. అందుకే జాకెట్ బిగించుకోకపోతే కలెక్టరుగారినైనా ఎక్కించం. ఎనిమిది మందికి ఇద్దరు గైడ్లం, ఇద్దరం వేటకెళ్లే ఇళ్లలో పుట్టినవాళ్లం. పోటు మీద లోపలికి పోయి, నీరు తీసే పాటుతో తిరిగొస్తాం, ఏరు సముద్రంలో కలిసే భావనపాడు మొగ వైపు పోనే పోం.

తెల్లోళ్లనాటి ఉప్పు కొఠార్ల మధ్య నుంచి దారి. తెడ్డు మీద నీళ్లు ఆరి తెల్లగా పేరుకుంటే హైదరాబాద్ పిల్ల ఒకతి నాకి చూసి మొహం చిట్లించింది. మడిలో ఉప్పు లాగుతున్న అవ్వ "ఏటి బాబూ, అరటిదొప్పలేసుకొచ్చినారు" అని నవ్వింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచిన చిన్న రైలు, ఈ ఉప్పు, 2023లో మూలపేటలో మొదలెట్టిన పోర్టు... ఇవన్నీ ఒక్క పూటలో చెప్తాం. చెప్పేవాళ్లం.

ప్రారంభం రోజు జెండా ఊపిన పెద్దమనిషి మూడు నెలల్లో రేవు మెట్లన్నారు. మెట్ల మాట దేవుడెరుగు, ఆరో రోజునే అనుమతి లేదని ఆపేశారు. మరి ఆ జెండా దేనికి ఊపినట్టు?

అయిదు జంట కయాక్‌లూ మా అమ్మ డ్వాక్రా అప్పుతో కొన్నవి. చింతచెట్టు కింద బోర్లించి ఉన్నాయి. వాటి వీపుల మీద అమ్మ వడియాలు పెడుతోంది. చక్కగా ఎండుతున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కిస్తీ మాత్రం నెలనెలా పదో తారీఖుకి తప్పకుండా వస్తోంది.

అనుమతివ్వండి. ఇవ్వలేకపోతే 'ఇవ్వం' అని కాగితం మీద రాసివ్వండి. అదీ కుదరకపోతే ఏడో గడిలో ఏం రాయాలో అయినా చెప్పండి సార్, దండం పెడతాను.

వచ్చే సోమవారం మళ్లీ వస్తున్నాను. ఈసారి ఇంజిన్ నంబరు గడిలో మా ఇద్దరి ఆధార్ నంబర్లు రాసి తెస్తున్నాను.

ఇట్లు,
తెడ్డు వేసేవాళ్లలో ఒకడు,
సంతబొమ్మాళి మండలం, శ్రీకాకుళం జిల్లా