ఆ 97 కేసుల సంగతి సభకు చెప్పండి: మహారాష్ట్ర ముఖ్యమంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలల ముంబయి అల్లర్లలో ఆచూకీ లేకుండా పోయినవారిలో ఇంకా పరిహారం అందని 108 మంది వారసులను వెతికి చెల్లించాలనీ, కదలిక లేకుండా పడి ఉన్న 97 కేసుల్లో పరారీలో ఉన్న నిందితులను పట్టుకునేందుకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయాలనీ సుప్రీంకోర్టు 2022 నవంబరు 4న మీ రాష్ట్రాన్ని ఆదేశించింది. హోం శాఖ కూడా మీ దగ్గరే ఉన్నందున, ఈ ఆదేశాల అమలు ఎంతవరకు వచ్చిందో శాసనసభకు తెలపాలని అడిగేందుకే ఈ లేఖ.

ముంబయిలోని పరేల్, వర్లీ బట్టల మిల్లుల్లో బతుకు వెతుక్కున్న తెలుగు పద్మశాలీలకు, కామాటిపురకు ఆ పేరు రావడానికి కారణమైన కూలీలకు వారసులమైన మాకు మరాఠీపై ఏ ఫిర్యాదూ లేదు. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగంతో భాషారాష్ట్రం సాధించుకున్నవాళ్లం కనుక, ముంబయితో కూడిన మరాఠీ రాష్ట్రం, అంటే సంయుక్త మహారాష్ట్ర కోసం కాల్పుల్లో నేలకొరిగినవారి పేర్లు ముంబయి హుతాత్మా చౌక్‌లో ఎందుకున్నాయో మాకు ఎవరూ వివరించనక్కరలేదు.

అంత న్యాయమైన ఆకాంక్ష 1966 తర్వాత శివసేన చేతిలో పొరుగువాడిపై దాడిగా మారింది. మొదట దెబ్బతిన్నది దక్షిణాదివాళ్లు. తమిళులైనా తెలుగువాళ్లైనా అందరినీ ‘మద్రాసీ’ అనే ఒకే గాటన కట్టారు. తర్వాత కమ్యూనిస్టులు. 1970లో పరేల్ ప్రాంత శాసనసభ్యుడు కృష్ణ దేశాయి హత్యకు గురయ్యారు. ఎర్రజెండా యూనియన్లను దెబ్బతీయడానికి పనికొస్తుందని నాటి కాంగ్రెస్ పాలకులు ఈ దౌర్జన్యాన్ని చూసీచూడనట్టు వదిలేశారు. ముఖ్యమంత్రి వసంతరావు నాయక్ పేరు మీద జనం దాన్ని ‘వసంత్ సేన’ అన్నారంటేనే ఆ చలవ ఎంతటిదో తెలుస్తుంది. లక్ష్యాలు మారుతూ వచ్చాయి, పద్ధతి మారలేదు. శిక్ష పడనప్పుడు మారవలసిన అవసరం ఎవరికుంటుంది?

1992–93 ముంబయి అల్లర్లలో 900 మంది మరణించారు. వారిలో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. 1993 జనవరి 8 నుంచి ముస్లింలపై దాడులను నడిపించడంలో శివసేన ముందు నిలిచిందని, ఆ అల్లర్లపై విచారణ జరిపిన జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ స్పష్టంగా రాసింది. 31 మంది పోలీసులనూ తప్పుపట్టింది. సేన–బీజేపీ ప్రభుత్వం 1996లో కమిషన్‌నే రద్దు చేసి, విమర్శల మధ్య పునరుద్ధరించి, 1998లో నివేదిక అందాక దాన్ని తోసిపుచ్చింది. నివేదికను అమలు చేస్తామని చెప్పి తర్వాత అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్–ఎన్సీపీ ప్రభుత్వాలు కూడా ఆ మాట నిలబెట్టుకోలేదు. 257 మందిని బలిగొన్న 1993 మార్చి 12 బాంబు పేలుళ్ల కేసులో ప్రత్యేక కోర్టు 100 మందిని దోషులుగా తేల్చింది, ఒకరిని ఉరి తీశారు కూడా. ఆ విచారణ జరగవలసిందే. అయితే అదే రాజ్యానికి అదే నగరంలో రెండు నెలల ముందు జరిగిన హత్యల విషయంలో ఆ పట్టుదల ఎందుకు లేకపోయిందో బాధిత కుటుంబాలకు ఈనాటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

2008లో రైల్వే పరీక్ష రాయడానికి వచ్చిన ఉత్తరాది యువకులను, శివసేన నుంచి విడిపోయిన రాజ్ ఠాక్రే పార్టీ మహారాష్ట్ర నవనిర్మాణ సేన కార్యకర్తలు కొట్టారు. 2025లో ముంబయి పక్కనే ఉన్న మీరా రోడ్డులో ఆ పార్టీవాళ్లే, మరాఠీ మాట్లాడలేదని ఒక దుకాణదారుణ్ని చెంపదెబ్బలు కొట్టి వీడియో తీసుకున్నారు. భాష పేరిట గూండాగిరిని సహించబోమని అప్పుడు మీరు ప్రకటించారు. ఆ మాట నిజం కావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. కానీ పాత హత్యలకు జవాబుదారీ లేని చోట కొత్త హెచ్చరికకు ఎవరూ భయపడరు.

కాబట్టి వచ్చే నాగపూర్ శీతాకాల సమావేశాల్లో, 97 కేసుల్లో ఒక్కొక్కటి నేడు ఏ కోర్టులో ఏ దశలో ఉందో, ఎందరు నిందితులు దొరికారో, 108 కుటుంబాల్లో ఎన్నింటికి డబ్బు చేరిందో, చేరనివాటి కోసం ఏం ప్రయత్నం జరిగిందో వివరించే శ్వేతపత్రాన్ని మరాఠీలోనూ ఉర్దూలోనూ సభ ముందుంచవలసిందిగా వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ముంబయిలో స్థిరపడిన ఒక తెలుగు పౌరుడు