పారిస్ కాఫీ బిల్లులో కుర్చీ అద్దె కూడా ఉంటుంది

సంపాదకులకు,

వేసవిలో యూరప్ చూసొచ్చినవాళ్లు రాసే యాత్రానుభవాల్లో పారిస్ మీద ఒక ఫిర్యాదు తరచూ కనిపిస్తుంది. ఉగ్గుగిన్నెడు కాఫీకి ఐదు యూరోలు గుంజారని, అందులో పాల చుక్క కూడా లేదని, వెయిటర్ సరిగా పలకలేదని. మూడూ నిజమే కావచ్చు. మూడింటికీ కారణాలున్నాయి, అవి తెలిసి వెళితే మూడూ తప్పించుకోవచ్చు.

ముందు ధర సంగతి. పారిస్ కెఫేల్లో అదే కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే మరో ధర. వీధిలోకి పరిచిన కుర్చీలో, అంటే టెర్రాస్ మీద, అన్నిటికన్నా ఎక్కువ. ఈ పట్టికను బయటికి కనబడేలా పెట్టాలని అక్కడి చట్టం, కాబట్టి కూర్చోకముందే చదువుకోవచ్చు. సేంజెర్మేన్ అనే పెద్ద రోడ్డు మీది పేరుమోసిన కెఫేలు, ఈఫిల్ టవర్ చుట్టుపక్కలవి ఖరీదు. రెండు సందులు లోపలికి నడిస్తే ధర ఇట్టే దిగుతుంది. సర్వీసు చార్జీ ధరలోనే కలిసి ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు. పర్యాటకులు తిరిగే చోట్ల కార్డు మెషీన్ టిప్పు ఎంత అని అడుగుతోంది ఈమధ్య. మొహమాటపడకుండా వద్దని నొక్కండి.

ఉత్త ‘కెఫే’ అని అడిగితే వచ్చేది ఎస్ప్రెసో, రెండు గుక్కల నల్ల కాఫీ. చాలాచోట్ల గింజలు బాగా నల్లగా వేయించినవి, అందుకే ఆ చేదు. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లకు నచ్చేది కెఫే క్రెమ్: పెద్ద కప్పు, వేడి పాలు, పైన నురగ. ధర ఎస్ప్రెసోకు దాదాపు రెట్టింపు ఉంటుంది. డబ్బు చూసుకునేవాళ్లు నువాజెట్ అడగాలి. ఎస్ప్రెసోలో కాసిని పాలు కలిపి ఇస్తారు, రెండు పొట్లాల చక్కెర వేసుకుంటే మన చిక్కటి డికాక్షన్ కాఫీకి దూరపు చుట్టమవుతుంది. టీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వేడినీళ్లు, టీ సంచి ఇచ్చి ఊరుకుంటారు, పాలు అడిగితే చల్లటివి తెస్తారు. మంచినీళ్లకు ‘యున్ కరాఫ్ దో’ అనాలి. ‘వాటర్’ అంటే సీసా తెస్తారు, అది బిల్లెక్కుతుంది. కుళాయి నీళ్లు ఉచితంగా అడగొచ్చని మెనూ మీదో బోర్డు మీదో రాసిపెట్టాలన్న నిబంధన 2022 నుంచి అమల్లో ఉంది.

ఇక వెయిటర్. అతని పరిధిలో ఉన్న బల్లలే అతనివి, పక్కవాణ్ని పిలిస్తే పలకడు. ముందు ‘బొంజూర్’ అనకుండా ఆర్డరు చెబితే మనమే మర్యాద తప్పినట్టు లెక్క. చిటికె వేయొద్దు, ‘గార్సోం’ (అబ్బాయ్) అని కేక వేయొద్దు. చూపు కలిసినప్పుడు ‘మెస్యూ’ లేదా ‘మదామ్’ అంటే వస్తారు. బిల్లు దానంతటది రాదు, ‘లదిస్యోం, సిల్ వు ప్లే’ అని అడగాలి. అడక్కుండా తెచ్చిపెడితే లేచి వెళ్లమన్నట్టు ఉంటుందని వాళ్ల భావన. అయినా కొన్నిచోట్ల కాఫీతోపాటే బిల్లు చీటీ పెట్టి వెళతారు, అది మాత్రం తొందరపెట్టడం కాదు. మధ్యలో వచ్చి డబ్బు ఇమ్మంటే అతని డ్యూటీ దిగిపోయే వేళయిందని అర్థం. కట్టేసి, మళ్లీ అక్కడే గంటసేపు కూర్చోవచ్చు. ఒక కప్పుతో అంతసేపు కూర్చున్నా ఎవరూ లేపరు. ఒక్క మినహాయింపు భోజనవేళ: కత్తులు, ఫోర్కులు సర్దిన బల్ల తినేవాళ్లకే. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా అక్కడ కాఫీకని కూర్చుంటే మాట పడాల్సివస్తుంది.

శాకాహారులకు ఒక మాట. క్రోక్ మెస్యూ అనే శాండ్‌విచ్‌లో పంది మాంసం ఉంటుంది. ఉల్లిపాయ సూపును సాధారణంగా గొడ్డుమాంసపు రసంతో చేస్తారు. సలాడ్‌లోనూ బేకన్ ముక్కలు తగలొచ్చు, అడిగే తినాలి. ఇడ్లీ దోసెలు కావాలంటే లా షపెల్ అనే పేట దగ్గర శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి.

కుర్చీ ఎంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. టెర్రాస్ మీద కుర్చీలు ఎదురెదురుగా కాకుండా పక్కపక్కనే, వీధివైపు మొహం పెట్టి ఉంటాయి. వచ్చేపోయేవాళ్లను చూడటానికే ఆ ఏర్పాటు. రెండు వీధులు కలిసే మూల, బస్సులు తిరగని చోటు మంచిది. ముఫ్తార్ వీధి ఎగువన ఉన్న కోంత్రెస్కార్ప్ చౌకులో సాయంత్రం, అలిగ్ర్ సంత దగ్గర పొద్దున (సోమవారం సంత ఉండదు) చూడటానికి మనుషులకు కొదవలేదు. మొదటి వరసలో చూపు బాగుంటుంది కానీ బల్ల మీద పెట్టిన ఫోను, కుర్చీకి తగిలించిన సంచి అందుకుని పోయేవాళ్లకూ అదే వరస అనుకూలం. ఫోను జేబులో, సంచి ఒడిలో ఉండాలి. తెరిచి ఉన్న టెర్రాస్ మీద పొగ తాగడానికి అనుమతి ఉంది. పడనివాళ్లు లోపల కిటికీ పక్కన కూర్చోవడం మేలు. టెర్రాస్ మీది హీటర్లను 2022లో నిషేధించారు కాబట్టి మార్చిలో వెళ్లినా స్వెటర్ ఉండాలి. ఎంతసేపు చూసినా ఎవరూ పట్టించుకోరు, ఫోనెత్తి వీడియో తీస్తే మాత్రం గొడవే. గుర్తుపట్టేలా ఉన్న మనిషి ఫొటోను అనుమతి లేకుండా ప్రచురిస్తే చట్టం కూడా ఒప్పదు.

టెర్రాస్‌ల మీద కనిపించే అల్లిక కుర్చీలలో మనవాళ్లకు నచ్చే విశేషం ఒకటుంది. పేరున్న తయారీదారులు చట్రానికి రాటన్ బెత్తం, అల్లికకు చాలాకాలంగా రిల్సాన్ అనే నైలాన్ వాడుతున్నారు. రిల్సాన్‌ను తీసేది ఆముదం నుంచి. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదాలు ఏరినవాళ్లు ఆ కుర్చీలో కాస్త దర్జాగానే కూర్చోవచ్చు.

అన్నట్టు, మన నగరాల్లోనూ ‘పారిస్ తరహా’ కెఫే వీధులు రావాలని కోరేవాళ్లకు ఆ ఊరి నిబంధన ఒకటి గుర్తుచేయాలి. అక్కడ కుర్చీలు వేసుకోవాలంటే నగరపాలక సంస్థ అనుమతి, దానికి రుసుము. పాదచారులకు నడిచే దారి విడవాల్సిందే. పార్కింగ్ జాగాల్లో వేసుకునే వేసవి టెర్రాస్‌లకు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకానే గడువు, అవీ రాత్రి పదింటికి మూసేయాలి. నడిచేవాళ్లు లేకపోతే కూర్చున్నవాళ్లకు చూడటానికి ఏముంటుంది? బైకులు, బడ్డీలు, ట్రాన్స్‌ఫార్మర్లు పోగా మన ఫుట్‌పాత్ మీద మిగిలే వెడల్పును ముందు టేపు పెట్టి కొలిచి, ఆ తర్వాతే మన కార్పొరేషన్లు కుర్చీలకు అనుమతులివ్వాలి.

— ఒక పాఠకురాలు, పారిస్