భర్త చనిపోయిన ముగ్గురు ఆడవాళ్ల కోసం వసూలు చేసిన డబ్బు: జమా ఖర్చుల వివరణ

రాయదుర్గంలో మా వీధివాళ్లకు, చందా ఇచ్చిన అందరికీ కమిటీ నమస్కారాలు.

ఇంటింటి చందా 41,300 రూపాయలు. జీన్స్ కుట్టించే ఐదుగురు యజమానులు ఇచ్చింది 25,000. పోయిన వినాయక చవితి మిగులు 6,850. మొత్తం జమ 73,150. ఒక పెద్దాయన ఇచ్చిన 500 ఇందులో లేదు. పదోరోజు గాజులు తీసే తంతుకు వాడమన్నారు. మేం ఒప్పుకోక తిరిగిచ్చేశాం.

ఖర్చులో పెద్దది కుట్టు మిషన్లు. సెకండ్ హ్యాండ్ పవర్ మిషన్లు రెండు, 33,000. ఒకదాని మోటారు వారానికే పోయింది, రిపేరుకు 2,400. సరిగ్గా చూసుకోకుండా కొన్నది మా తప్పే. ఇంట్లో మిషన్ ఎందుకు, యూనిట్లో పని దొరకదా అని కొందరు అడిగారు. దొరికింది. కానీ బోణీ వేళ ఎదురు రావద్దు, పదిన్నర దాటాక రమ్మన్నారట. పీసు లెక్కన కూలి ఇచ్చే చోట పొద్దుటి గంటన్నర పోతే ఎంత నష్టమో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

బాడుగ బకాయి 9,000, నలుగురు పిల్లల ఫీజులు, పుస్తకాలు 14,600. రసీదులున్నాయి.

కాగితాలకు 3,120 అయింది. మూడో ఆమె భర్త పోయి ఏడాది దాటినా మరణం నమోదు కాలేదు. 21 రోజుల్లోపు చెప్పి ఉంటే రూపాయి ఖర్చు లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. అప్పట్లో ఆమెను మూలన కూర్చోబెట్టారు, వెళ్లాల్సిన మరిది వెళ్లలేదు. సర్టిఫికెట్ లేక నెలకు 4,000 వితంతు పింఛనుకు అర్జీయే పెట్టుకోలేకపోయింది. భూమి సంగతి బయటికొస్తుందనే మరిది కదల్లేదని మా అనుమానం. వీలునామా లేకుండా భర్త పోతే, ఆయన సొంత భూమిలో భార్యకు, పిల్లలకు, అత్త ఉంటే ఆమెకు సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెబుతోంది.

ఇక గాజులు, పూలు 860. సంక్రాంతి పేరంటానికి ఈ ముగ్గుర్నీ పిలిచాం. మిషన్ల 33,000 గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఈ 860 మీద మాత్రం మీటింగులో రెండు గంటలు గొడవ. కమిటీలోనే ఇద్దరు కాదన్నారు. అయినా పద్దు కొట్టేయలేదు. పేరంటానికి ఇద్దరే వచ్చారు. అందులో ఒకామె గాజులు వేసుకోలేదు, కొంగున ముడేసుకుని తీసుకెళ్లింది.

మొత్తం ఖర్చు 62,980. నిల్వ 10,170 బ్యాంకులో ఉంది, మూడో ఆమె భూమి వాటాకు వకీలు ఫీజు కోసం. లెక్కల పుస్తకం ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు మీద పెడతాం. మరిది వచ్చినా చూపిస్తాం.