ఈ వేసవికి మన బడి సవాలు: ఐదు రకాల కాష్‌లు

తల్లిదండ్రులకు, ఊరి నుంచి వచ్చి ఉన్న అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

మే నెలాఖరుతో సియాటిల్ దగ్గరి మన తెలుగు బడిలో ఈ ఏడాది తరగతులు అయిపోతున్నాయి. మళ్ళీ బడి తెరిచేది సెప్టెంబరులోనే. ఈ మూడు నెలలూ పిల్లలు తెలుగు మర్చిపోకుండా ఏం చేయించాలని మీలో చాలామంది ఏటా అడుగుతుంటారు. ఈసారి వర్క్‌షీట్లు ఇవ్వడం లేదు. ఇంటిల్లిపాదీ కలిసి బయటికెళ్ళి చేసే పని ఒకటి ఇస్తున్నాం. అది జియోకాషింగ్. ఎవరో దాచిన డబ్బాను (దాన్నే కాష్ అంటారు) ఫోన్‌లోని జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకుని, అందులోని చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేసి రావడం. మీలో కొందరు ఇప్పటికే చేస్తున్నారు. ఈ సవాలులో ఏం చేర్చామో, ఏం వదిలేశామో, ఎందుకో కొంచెం విపులంగానే రాస్తున్నాను. కారణం తెలిస్తే మీ పిల్లల వయసుకు తగ్గట్టు మీరే సర్దుకోగలరు.

ఈ ఆట పుట్టింది మన చుట్టుపక్కలే. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపిన తేడాను తీసేసింది. అంతవరకూ వంద మీటర్ల దాకా తప్పు చూపించే పరికరాలు ఒక్కసారిగా మనిషిని దాదాపు గురి చూసినట్టు చోటికి చేర్చడం మొదలుపెట్టాయి. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన మన పక్క రాష్ట్రం ఆరెగన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ సెప్టెంబరులో జెరమీ ఐరిష్ దీనికోసం వెబ్‌సైట్ తెరిచాడు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఇప్పుడు సియాటిల్‌లోని ఫ్రీమాంట్‌లో ఉంది. రెడ్‌మండ్ నుంచో బాథెల్ నుంచో వచ్చే మన పిల్లలకు ఇది దూరదేశపు సంగతి కాదు, పక్కవీధి సంగతి.

అయితే మొదలుపెట్టిన పిల్లలు చాలా త్వరగా ఒక అలవాటులో పడిపోతారు. పార్కింగ్ స్థలంలో దీపస్తంభం అడుగున ఉండే ఇనుప తొడుగు ఎత్తడం, చిన్న డబ్బా తీసి పేరు గీకడం, వెంటనే తర్వాతదానికి పరుగెత్తడం. రెండు కాష్‌ల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలనేది నియమం. అంతే దూరంలో వరసగా పెట్టుకుంటూ పోయిన బాటలు కూడా ఉన్నాయి. ఒక మధ్యాహ్నంలోనే అంకె బాగా పెరుగుతుంది. కానీ రెండో డబ్బాకూ ఇరవయ్యో డబ్బాకూ మధ్య బిడ్డ కొత్తగా చూసిందేమీ ఉండదు. అందుకే ఎన్ని దొరికాయన్నది అసలు లెక్కలోకే తీసుకోకూడదని, ఎన్ని రకాలు చూశారన్నదే అడగాలని మా ఉపాధ్యాయులందరం అనుకున్నాం.

ఇలాంటి ఆలోచన జియోకాషింగ్‌లో కొత్తది కాదు. ఛాలెంజ్ కాష్‌లని ఉన్నాయి. వాటి డబ్బాలో ఎవరైనా పేరు రాయొచ్చు కానీ, యజమాని పెట్టిన షరతు పూర్తి చేసినవాళ్ళకే అది దొరికినట్టు లెక్క. షరతులు మరీ గజిబిజిగా తయారై గొడవలు పెరిగిపోవడంతో 2015 ఏప్రిల్‌లో కొత్తవాటిని ఏడాదిపాటు ఆపేశారు. 2016లో మళ్ళీ మొదలైనప్పుడు కొన్ని నియమాలు గట్టిగా పెట్టారు. షరతు పూర్తయిందో లేదో ఎవరైనా సరిచూసుకునే సాధనం ఉండాలి. ఒకరు గెలిస్తే మరొకరు ఓడే పోటీలా ఉండకూడదు. ఆ చుట్టుపక్కల ఉన్న మామూలు ఆటగాళ్ళు తగినంతమంది చేయగలిగేలా ఉండాలి. పెట్టేవాళ్ళు ముందు తాము చేసి ఉండాలి. మనం అధికారికంగా కాష్ ఏమీ పెట్టడం లేదు, ఇది మన బడి మటుకే. అయినా ఆ నియమాలు నాకు చాలా నచ్చాయి. పిల్లలకు ఏ పరీక్ష పెట్టినా ఇవే వర్తించాలని నా అభిప్రాయం. మేమూ ఉపాధ్యాయులం ముందు చేసి చూశాకే మీకు ఇస్తున్నాం.

అసలు చర్చ జరిగింది ఒక్క విషయం మీదే. అరుదైనవి అంటే ఏవి?

కొన్ని రకాలు కొత్తవి రావడం ఆగిపోయి అరుదయ్యాయి. వెబ్‌క్యామ్ కాష్‌లు అలాంటివే. అక్కడ బహిరంగంగా ఉన్న కెమెరా ముందు నిలబడి, ఆ కెమెరా తీసిన మన బొమ్మను దాచుకోవాలి. 2005 తర్వాత కొత్తవి ఒప్పుకోలేదు, పాతవి ఒక్కొక్కటే పోతున్నాయి. ప్రాజెక్ట్ ఏప్ అనేవి ఇంకా అరుదు. 2001లో ఒక సినిమా ప్రచారం కోసం పెట్టిన డజను దాకా కాష్‌లలో ఇప్పటికీ నిలిచినవి రెండే. ఒకటి బ్రెజిల్‌లో, రెండోది మన స్నోక్వాల్మీ కనుమ దగ్గర. మనదాన్ని 2011లో ఎవరో ఎత్తుకుపోతే, 2016లో తిరిగి దొరికి మళ్ళీ చోటు చేరింది. దానికోసం చాలామంది హయాక్ వైపు నుంచి పాత రైలు సొరంగంలో నడిచి వెళ్తారు. సొరంగం రెండు మైళ్ళ పైచిలుకు. నడివేసవిలో కూడా లోపల చలి, చిమ్మచీకటి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తలుపులు మూసేస్తారు.

ఇంత గొప్పది ఇంటి దగ్గర పెట్టుకుని తప్పనిసరి చేయకపోతే ఎలా అని ఒక ఉపాధ్యాయుడు గట్టిగా వాదించారు. ఆయన ఉత్సాహం నాకు అర్థమైంది. కానీ చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి, మోకాళ్ళ నొప్పులున్న తాతయ్య, శనివారాలు కూడా డ్యూటీకి వెళ్ళే తండ్రి ఉన్న ఇంట్లో పిల్లవాడు ఆ ఒక్క కారణంతో సవాలు పూర్తి చేయలేకపోతే, మేం కొలిచింది ఆ పిల్లవాడి శ్రద్ధను కాదు, వాళ్ళింటి తీరికను. అందుకని దూరం వల్లో, అదృష్టం వల్లో అరుదైనవాటిని జాబితాలోంచి తీసేశాం. దొరకబుచ్చుకోవడానికి కొత్త రకం శ్రద్ధ అవసరమయ్యేవాటినే ఉంచాం. సొరంగానికి, ఫ్రీమాంట్ కార్యాలయానికి వెళ్ళగలిగినవాళ్ళు సరదాగా తప్పకుండా వెళ్ళండి. కార్యాలయానికి మాత్రం ముందే సమయం బుక్ చేసుకోవాలి. వాటికి అదనపు మార్కులు లేవు.

చివరికి ఏడు రకాలు మిగిలాయి. వాటిలో ఏవైనా ఐదు చేస్తే చాలు.

లెటర్‌బాక్స్ హైబ్రిడ్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. దీని మూలం ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు అక్కడి క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా ఉంచాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు తమ విజిటింగ్ కార్డు అందులో వేసి వెళ్ళేవాళ్ళు. ఈ రకం డబ్బాలో ఒక రబ్బరు ముద్ర ఉంటుంది. ఆ ముద్రను మన పుస్తకంలో వేసుకోవాలి, మన సొంత ముద్రను వాళ్ళ పుస్తకంలో వేయాలి. డబ్బాలోని ముద్ర బొమ్మలాగే ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలు జేబులో వేసుకునే ప్రమాదం ఉంది, చూసుకోండి. మరి మన ముద్ర ఎక్కడిది? పిల్లలే చెక్కాలి. పెన్సిల్ రబ్బరు మీద తమ పేరులోని మొదటి అక్షరం చెక్కమన్నాం. మూడో తరగతి పిల్లలు నేరుగా "క" రాసి చెక్కేస్తే, ముద్రలో తలకట్టు ఎడమవైపుకి తిరిగి పడింది. పలచటి కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో అక్షరం దిద్ది, దాన్ని రబ్బరు మీద బోర్లించి వేలిగోటితో రుద్దితే అక్షరం తిరగబడి అంటుకుంటుంది. దాన్నలాగే చెక్కితే ముద్ర సరిగ్గా పడుతుంది. అక్షరంలో ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో చూపు అంతసేపు నిలిపి చూడటం కాపీ రాయించినప్పుడు జరగదు. కత్తి మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.

మిస్టరీ కాష్‌లో పైకి చూపించే చోట డబ్బా ఉండదు. చిక్కుముడి విప్పితేనే అసలు చోటు తెలుస్తుంది, అదీ సాధారణంగా రెండు మైళ్ళలోపే. వీటికి పిల్లలు బెదరకుండా తరగతిలోనే ఒక సాధన పెట్టాం. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కట్టే మన పాత పద్ధతి, కటపయాది సంఖ్యలు, దీనికి భలేగా కుదిరాయి. సంగీతం నేర్చుకునే పిల్లలకు మేళకర్త రాగాల పేర్లు నోటికి వచ్చు. ఆ పేరులోని మొదటి రెండు అక్షరాల్లోనే రాగం సంఖ్య దాగి ఉంటుంది. సువర్ణాంగిలో "స" ఏడు, "వ" నాలుగు. తిరగేసి చదివితే 47. మనం ఉండే చోటు అక్షాంశం 47 డిగ్రీలే! రేఖాంశం 122. ఖరహరప్రియలో "ఖ" రెండు, "ర" రెండు, ముందు ఒకటి చేర్చుకుంటే సరి. ఈ లెక్క చెప్పినప్పుడు, ఎప్పుడూ చివరి బెంచీలో నోరు మెదపని ఒక అమ్మాయి లేచి ధీరశంకరాభరణం 29 అని ఠక్కున చెప్పింది. పిల్లలు తమంతట తాము ఇలాంటి చిక్కుముళ్ళు తయారుచేసి తెస్తే ఎంతో సంతోషిస్తాను. సెప్టెంబరులో అవన్నీ బడి ఆవరణలోనే ఆడిద్దాం.

ఎర్త్‌కాష్‌లో డబ్బా ఉండదు, సంతకం ఉండదు. నేల గురించి ఒక పాఠం ఉంటుంది. అక్కడికెళ్ళి రాయినో, గట్టునో, జలపాతాన్నో చూసి, అడిగిన ప్రశ్నలకు జవాబులు యజమానికి పంపాలి. జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా తోడ్పాటుతో మొదలైన ఈ రకంలో మొట్టమొదటిది 2004లో ఆస్ట్రేలియాలో వచ్చింది. ఇది మాత్రం తాతయ్యలు, అమ్మమ్మలు పిల్లలతో కలిసి చేయాలని నా కోరిక. దాదాపు 17 వేల ఏళ్ళ కిందట సియాటిల్ మీద మూడువేల అడుగుల మందాన మంచు ఉండేది. ఉత్తరం నుంచి ఆ మంచు మోసుకొచ్చి వదిలేసిన బండలు ఇప్పటికీ ఇళ్ళ మధ్యే ఉన్నాయి. వెడ్జ్‌వుడ్‌లో ఉన్నది దాదాపు 19 అడుగుల ఎత్తు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు దాన్ని చూడగానే తమ ఊరి బండలు గుర్తొస్తాయి. కానీ ఆ రెండింటి కథా వేరు. హైదరాబాద్ బండలు ఎక్కడినుంచీ వచ్చినవి కావు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ ఉన్నచోటే పగుళ్ళ వెంట అరిగి, చుట్టూ ఉన్న మెత్తటి భాగం కొట్టుకుపోయి, గుండ్లు మాత్రం ఒకదానిమీద ఒకటి నిలిచాయి. అక్కడ బండకూ కింది నేలకూ రాయి ఒకటే, ఇక్కడ వేరు. బిడ్డను బండ దగ్గర కూర్చోబెట్టి, గింజలు ఎంత పెద్దగా ఉన్నాయో, అంచులు నున్నగా ఉన్నాయో పదునుగా ఉన్నాయో తెలుగులో చెప్పించండి. ఒక్క రాయి ముందు బిడ్డ ఎన్ని మాటలు వాడుతుందో మీరే చూస్తారు.

మిగతా నాలుగూ తేలికే. మల్టీలో ఒకచోట దొరికిన ఆధారం ఇంకోచోటికి పంపుతుంది. వర్చువల్‌లో డబ్బాకు బదులు ఒక ప్రశ్నకు జవాబో ఫోటోనో అడుగుతారు. ఇవీ 2005లో ఆగిపోయాయి కానీ, 2017లో నాలుగువేల కొత్తవాటికి అనుమతిచ్చారు కాబట్టి దొరుకుతాయి. వేరైగోలో ఫోన్ కథ చెబుతూ నడిపిస్తుంది, పన్నెండేళ్ళు దాటినవాళ్ళకు బాగుంటుంది. ఏడోది ఈవెంట్, అంటే ఆటగాళ్ళు కలుసుకునే సభ. అందులోనూ చెత్త ఏరి పార్కు శుభ్రం చేసే సీటో ఈవెంట్లు దొరికితే వాటికే వెళ్ళండి. ముళ్ళ బ్లాక్‌బెర్రీ తుప్పలు పీకేటప్పుడు చేతులకు గ్లవుజులు మర్చిపోవద్దు. డబ్బా లేకుండా యాప్‌లోనే ఆడే అడ్వెంచర్ ల్యాబ్‌లని ఉన్నాయి. వాటిలో మామూలుగా ఐదు చోట్లు ఉంటాయి, యాప్ వాటిని ఐదుగా లెక్కిస్తుంది. అంకె పెంచుకోవడానికే తప్ప రకం పెరగదు కాబట్టి వాటిని కలపలేదు.

డబ్బు ఖర్చు గురించి ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు. ఉచిత ఖాతాతో ఫోన్ యాప్‌లో సులువైన సంప్రదాయ కాష్‌లే ఎక్కువగా కనబడతాయి. వెబ్‌సైట్‌లో వెతికితే మిగతా రకాలూ చాలావరకు కనిపిస్తాయి. అలా వెతకడం మీకు కష్టమనిపిస్తే ఆదివారం తరగతి తర్వాత నన్ను కలవండి, కూర్చుని చూపిస్తాను. స్టేట్ పార్కుల్లో కారు ఆపాలంటే డిస్కవర్ పాస్ కావాలి. ప్రతి కాష్‌కూ కష్టానికి ఒక అంకె, నడిచే నేలకు ఒక అంకె 1 నుంచి 5 దాకా ఉంటాయి. నేల అంకె 1 అంటే చక్రాల కుర్చీ కూడా వెళ్ళగలదని అర్థం. స్ట్రోలర్ ఉన్నవాళ్ళు అవే ఎంచుకోండి. ఇళ్ళ దగ్గర పొదల్లో వెతుకుతున్నప్పుడు ఎవరైనా ఏం చేస్తున్నారని అడిగితే దాచకుండా చెప్పేయండి. చీకటిపడ్డాక వెళ్ళొద్దు, పిల్లలను ఒంటరిగా పంపొద్దు.

తెలుగు విషయంలో మేం అడిగేది రెండే. డబ్బాలోని పుస్తకంలో పిల్లలు తమ పేరు తెలుగులో రాయాలి. మేమిచ్చే నోట్‌బుక్‌లో ఒక్కో రకానికి అర పేజీ తెలుగులో రాయాలి: ఎక్కడికెళ్ళారు, ఏం చూశారు, ఎవరు కనిపెట్టారు. బాలశిక్ష తరగతి పిల్లలైతే చెబుతుంటే మీరు రాసిపెట్టండి. అక్షరదోషాలు దిద్దొద్దు, ఆ పని మాది. వెతికి దొరక్కపోయినా రాసుకురావచ్చు. ఎక్కడెక్కడ వెతికారో రాస్తే దాన్నీ ఆ రకం కిందే లెక్కిస్తాం, ఒక్క రకానికి మాత్రమే.

నోట్‌బుక్కులు, చెక్కడానికి రబ్బర్లు ఆఖరి తరగతి రోజున గ్రంథాలయం బల్ల మీద ఉంటాయి. అక్కాచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు వేర్వేరుగా తీసుకోండి, ఒక్క పుస్తకంతో సరిపెట్టొద్దు. ఏడాది మధ్యలో తీసుకెళ్ళిన కథల పుస్తకాలు కూడా ఆ రోజే తిరిగి ఇచ్చేయగలరు. సెప్టెంబరులో మొదటి ఆదివారం పిల్లలు తమ ముద్రలు వెంట తెచ్చుకోవాలి. పొడవాటి తెల్ల కాగితం పరిచి ఉంచుతాం, బడిలోకి వచ్చేటప్పుడు అందరూ దానిమీద ముద్ర వేసి లోపలికి రావాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు