కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి: ఎండకాలం మధ్యాహ్నం పూట మాకో బెలూన్ వదలండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నల్లగొండ జిల్లా నుంచి ఒక బత్తాయి రైతు నమస్కరించి రాస్తున్నది.

రెండేండ్ల కింద మా తోటలో ఒక కొమ్మకు తెల్ల డబ్బా వేలాడుతూ కనబడింది. పావుకిలో కూడా తూగదు. పక్కనుంచి సన్నని తీగ ఒకటి పొడుచుకొచ్చింది, పొడుగు దారం చివర చిరిగిన రబ్బరు పీలికలున్నయి. కూలీలు బాంబేమోనని పొద్దంతా ఆ సాలులో అడుగు పెట్టలేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివే మా బిడ్డ వచ్చి చూసి, "నాయినా, ఇది రేడియోసాండ్. బెలూన్‌కు కట్టి ఆకాశంలకు పంపుతరు" అన్నది.

అప్పటినుంచి దాని సంగతి దొరికినకాడికి చదువుతున్నాను. హైడ్రోజన్ నింపిన బెలూన్ నిమిషానికి సుమారు 300 మీటర్లు ఎక్కుతుంది. 30 కిలోమీటర్లు దాటేసరికి ఉబ్బి ఉబ్బి పగులుతుంది. అప్పటిదాకా ఏ ఎత్తులో ఎంత వేడి, ఎంత తేమ, గాలి ఎటు వీస్తున్నదీ ఆ డబ్బా రేడియోలో కిందికి చెబుతూనే ఉంటుంది. రాడార్ మబ్బు పుట్టినంక చూపిస్తుంది. ఆ మబ్బు రాళ్లవానగా ముదిరే గాలి పైన ఉందా లేదా అన్నది మాత్రం ఈ డబ్బా ముందే చెప్పగలదు.

నా విన్నపం ఇక్కడే. ప్రపంచమంతటా ఈ కొలతలకు పెట్టుకున్న ముఖ్యమైన వేళలు మన లెక్కలో పొద్దున అయిదున్నర, సాయంత్రం అయిదున్నర. మా దగ్గర మార్చి, ఏప్రిల్, మే నెలల్లో రాళ్లవాన ఎక్కువగా పడేది ఆ రెండింటి నడుమ, పొద్దు వాలేటప్పుడు. పొద్దున కింది తేమగాలి మీద వెచ్చని పొడిగాలి ఒక్కోసారి మబ్బు పైకి లేవకుండా మూతలా కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎండకు నేల కాగి ఆ మూత తెగితే పొద్దుటి లెక్క పనికిరాదు.

పోయిన యాసంగిలో మాకు జరిగింది అదే. రెండు గంటలకు ఆకాశంలో మబ్బుతునక లేదు. నాలుగున్నరకు నిమ్మకాయలంత రాళ్లు పడ్డయి. పావుగంటలో బత్తాయి పిందెలు నేల కనబడకుండా రాలినయి. కొనుగోలు కేంద్రంలో ఆరబోసిన మా తమ్ముడి వడ్లు కాలువలో కొట్టుకుపోతుంటే వాడు రెండు చేతులతో ఎత్తి ఎత్తి గట్టున పోసిండు. ఆ చేతులు నా కండ్ల ముందే ఉన్నయి.

అమెరికాలో పెనుగాలులు, వడగండ్లు వచ్చేటట్టున్న రోజుల్లో వేళగాని వేళ కూడా అదనపు బెలూన్లు వదులుతారు. బేగంపేటలో వాతావరణ కేంద్రం ఉండనే ఉంది. ఆ మూడు నెలల్లో అనుమానమున్న రోజులకైనా మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒకటి వదిలించండి. దాని లెక్క చూసి నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ రైతుల ఫోన్లకు తెలుగులో రెండు ముక్కలు పంపించండి. డబ్బా మీద కూడా "ఇది వాతావరణ పరికరం, భయం లేదు" అని తెలుగులో రాయించండి.

బత్తాయి తోటకు గొడుగు పట్టలేమని నాకు తెలుసు. వడ్ల మీద టార్పాలిన్ కప్పడానికి, గొడ్లను కొట్టంలోకి తోలడానికి, చెట్టుకింద నిలబడ్డ కూలీలను పిడుగు పడకముందే ఇంటికి పంపడానికి మాకు గంటసేపు చాలు.

ఇట్లు,
నల్లగొండ జిల్లా రైతు