కళ్ళెం కొనేముందు పురికొస పట్టుకో

ఒరేయ్ శీనూ,

గుర్రం లాక్కుపోతోంది, గట్టి బిట్, అదే కళ్ళెంలో నోట్లో ఉండే కడ్డీ, ఏదైనా చెప్పమని రాశావు. చెప్పనురా. ముళ్ళ బిట్ మాటైతే అసలు ఎత్తకు. బండి లాగే, బరువు మోసే జంతువులకు దాన్ని జంతుహింస ఆపేందుకు మన దేశంలో తెచ్చిన 1965 నిబంధనలే నిషేధించాయి. నొప్పి పుడితే గుర్రం ఆగదు, ఆ నొప్పి నుంచి ఇంకా పరిగెడుతుంది.

ముందు నోరు చూడు. ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీ చిగురుంటుంది కదా, బిట్ కూర్చునేది అక్కడే. పలచటి పొర, దాని కిందే ఎముక. కొన్నిటికి పై దవడ పళ్ళ ముందు ఓ చిన్న మొనపన్ను ఉంటుంది. బిట్ దానికి తగిలితే, అది ఎంత ఖరీదుదైనా, గుర్రం తల ఎగరేస్తూనే ఉంటుంది. పశువుల డాక్టరుకి చూపించాకే డబ్బు తియ్యి.

ఇక కొలత. పురికొసను బిట్ ఉండే చోట నోట్లోంచి పోనిచ్చి, రెండు పెదవి మూలల దగ్గరా పెన్నుతో గీత పెట్టు. తీసి సాగదీసి కొలువు. తిరిగే రింగులదైతే అటు అయిదు, ఇటు అయిదు మిల్లీమీటర్లు కలపాలి. 11.7 సెంటీమీటర్లు వచ్చిందనుకో, నీకు కావలసింది 12.7, అంటే 5 అంగుళాలది. బిగుతైతే రింగు సందులో పెదవి నలుగుతుంది. వెడల్పైతే నోట్లో పక్కకి జారుతుంది, మధ్య కీలు కిందికి వేలాడుతుంది.

లావుది మెత్తన అంటారు, సగమే నిజం. నాలుక లావుగా ఉన్న ఇరుకు నోట్లో అది పట్టదు. గుర్రం శిక్షణ చూపే అంతర్జాతీయ డ్రెస్సాజ్ పోటీల్లో గుర్రానికి స్నాఫిల్, అంటే మీట లేని మామూలు బిట్, కనీస మందం 14 మిల్లీమీటర్లు. నువ్వూ 14, 16 మధ్య మొదలుపెట్టు. మందం రింగు పక్కన కొలవాలి సుమా, మధ్యలో కాదు.

రకమంటావా, రెండు కీళ్ళ స్నాఫిల్ తీసుకో. ఒకే కీలుదైతే రెండు పగ్గాలూ లాగగానే మడతపడి నాలుకను అడకత్తెరలో పోకచెక్క చేస్తుంది. రింగులు కదులుతుంటే చిరాకు పడే గుర్రానికి రింగులు కదలని ఎగ్‌బట్ రకం నయం. గడ్డం కింద గొలుసుతో మీటలా నొక్కే పెల్హామ్ బిట్ జోలికి ఇప్పుడే వద్దు, చెయ్యి కుదురుకోవాలి.

తొడిగాక పెదవి మూలన ఒక ముడత చాలు. మగ గుర్రమైతే కోరపళ్ళకి తగలట్లేదని చూడు. ముక్కుపట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. నాలుక బిట్ పైకి తెస్తోందంటే బిట్ కిందికి జారి ఉండొచ్చు, లేదా నాలుకను నొక్కుతుండొచ్చు.

ఇవన్నీ సరిపోయినా లాగుతుంటే జీను కింద వీపు తడిమి చూడు, దాణా ఎంత పెడుతున్నావో చూసుకో. పురికొస కొలతతో పాటు, పెదవి ఎత్తి పక్కనుంచి తీసిన ఫొటో కూడా పంపు.

నీ
రాజు